పికప్‌కు తొండం, మనకు వాగు టికెట్

"అమ్మా, మన బండి పడవైంది!"

వెనక సీట్లో మా చింటు ఇట్లా అరిచి చప్పట్లు కొట్టినప్పుడే నాకు మొదటిసారి ప్రమాదం తెలిసింది. అప్పటికి వాగు మధ్యలో ఉన్నాం. ఇంజను చక్కగా మోగుతోంది. స్టీరింగు మా డ్రైవరు సమ్మన్న చేతిలో నిలకడగానే ఉంది. కానీ చక్రాల కింద గులకరాళ్ల గరగర ఆగిపోయింది. ఏళ్లకేళ్లు పికప్‌లో తిరిగినదాన్ని, ఆ గరగర చెవికంటే ముందు నా నడుముకు తెలుస్తుంది. అది లేదంటే వెనక చక్రాలు నేల మీద లేవన్నమాట.

సమ్మన్న నావైపు చూడలేదు. మామూలుగా అయితే చింటు మాటకు ముందు నవ్వేది ఆయనే.

ఆ వాగులోంచి ఎట్లా బయటపడ్డామో చెప్పాలంటే ఆ బండి అట్లా ఎందుకు తయారైందో ముందు చెప్పాలి. అది చెప్పమనే కల్పన నన్ను అడిగింది. నేను మానేసిన పనిలో ఈ నెల చేరిన అహేరి అమ్మాయి. "అక్కా, కొత్త బండి వస్తుంది. ఏమేం పెట్టియ్యాలె అని చాచా నన్నడుగుతుండు. నాకేం తెల్వదు, జర చెప్పు" అంది. ఫోనులో చెప్పి సరిపెట్టే సంగతి కాదు. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. బయట వాన చప్పుడు పెరిగినప్పుడల్లా లేచి కిటికీలోంచి చూసి వస్తున్నాను. ఆ అలవాటు ఎందుకొచ్చిందో చదివాక నీకే తెలుస్తుంది కల్పనా.

స్ప్రింగులు, నా నడుము

సిరొంచలో రఫీక్ చాచా దుకాణం ఊళ్లలో సోలార్ పంపులు బిగిస్తుంది. బీఎస్సీ చదివి, పెళ్లయి, ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనక్కడ చేరాను. పేరుకు సైటు సూపర్‌వైజర్ని. కానీ మా గిరాకీ అంతా తారు రోడ్డు అయిపోయిన తర్వాత మొదలయ్యే ఊళ్లలోనే. జిమల్‌గట్ట లోపలి ఊళ్లు, ఏటపల్లి వైపు అడవి ఊళ్లు. పంపు బిగించడం కంటే దాన్ని అక్కడిదాకా చేర్చడమే పెద్ద పని. కాబట్టి ఈ ఉద్యోగంలో నేను పంపుల గురించి నేర్చుకున్నది తక్కువ, పికప్ గురించి నేర్చుకున్నది ఎక్కువ.

చాచా మా నాన్న దోస్తు. మంచి మనిషి, మంచి యజమాని. ఆయనకు ఒక్కటే జబ్బు. రాత్రి భోజనమయ్యాక ఫోనులో బండ్ల వీడియోలు చూస్తాడు. ఎక్కడో ఎడారిలో, మంచులో గెంతే బండ్లు. తెల్లారి దుకాణం తెరిచే సరికి మన బండికి ఏదో ఒకటి తక్కువైనట్టు ఆయనకు కనిపిస్తుంది.

మొదట స్ప్రింగుల మీద పడ్డాడు. లోడు ఎక్కువైతే వెనక కుంగుతోందని ఆకు స్ప్రింగులకు ఇంకో రెండు పట్టీలు వేయించాడు. కుంగడం ఆగింది. లోడు ఉన్నప్పుడు బాగానే ఉండేది. కానీ మనం పంపులు దించేసి ఖాళీగా తిరిగొస్తాం కదా! ఆ వచ్చే దారంతా బండి గుర్రంలా ఎగిరేది. గుంతలో వెనక చక్రం నేలను పట్టుకోక ఊరికే గాల్లో తిరిగేది.

"చాచా, నడుం పడిపోతుంది" అంటే, "స్ప్రింగు గట్టిగుంటె బండికి ఉమర్ పెరుగుతది బేటీ" అన్నాడు.

"మరి నా ఉమర్?"

"నీకు మెత్త కొనిస్తా."

నిజంగానే కొనిచ్చాడు, సీటులో వేసుకునే పూలపూల మెత్త. బండికి ఆయుష్షు పెరిగిందో లేదో తెలియదు కానీ నా నడుములో డిస్కు జారింది. ఈ ఎండాకాలం డాక్టరు ఇక ఆ బండి ఎక్కొద్దన్నాడు. మా అత్తమ్మకు అది ఇప్పటికీ నవ్వులాటే. "ముప్పయ్యారేండ్లకే రిటైరయినవా బిడ్డా! సర్కారోళ్లు గూడ ముసలోళ్లయిందాక ఉంచుకుంటరు గదా!" అంటుంది.

అందుకని మొదటి మాట. స్ప్రింగులు నీ లోడుకు తగ్గట్టే ఉండాలి, లోడు దించేసిన తర్వాత వచ్చే దారికి కూడా తగ్గట్టు ఉండాలి. లోడు ఎక్కువైతే రెండు ట్రిప్పులు వేయండి. ఇనుము పెంచకండి.

ముందు బరువు

తర్వాతది వించి. బండి ముక్కుకు బిగించే ఇనుప తాడు చుట్ట, మోటరుతో తిరుగుతుంది. బురదలో దిగబడితే తాడు చెట్టుకు కట్టి బండి తనను తానే లాక్కుంటుంది. వీడియోలో చూస్తే నోట మాట రాదు. దాన్ని మోయడానికి ముందు లావుపాటి ఇనుప బంపరు కూడా పెట్టించాడు. ఆర్టీవో వాళ్లు ఒప్పుకోరని సమ్మన్న అంటే చాచా వినలేదు.

ఏటపల్లి దారిలో ఒక నల్లరేగడి ముక్క ఉంటుంది. పాత బండి అయితే అక్కడ పక్కకు జారేది, మళ్లీ ఎక్కేది. ఈసారి ముందు బరువుకు ముక్కు నేరుగా బురదలోకి దిగింది, బర్రె నీళ్లు తాగడానికి వంగినట్టు. సరే, వించి ఉంది కదా అని సమ్మన్న తాడు లాగి మద్ది చెట్టుకు కట్టాడు. మోటరు జుయ్‌మంది. కాసేపటికి బ్యాటరీ అయిపోయింది. ఇప్పుడు దిగబడిన బండి, పైగా స్టార్టు కాని బండి.

అటుగా ఎడ్లబండి మీద వచ్చిన ఒక పెద్దాయన దిగి, బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, "గింత సామాను పెట్టుకొని గూడ గీడనే ఉన్నరా?" అన్నాడు. సమ్మన్న ముఖం చూడాలి!

ఆ రోజు మమ్మల్ని బయటికి తెచ్చింది వెనక ఉన్న మామూలు కొక్కెం, ఒక ట్రాక్టరు. చట్రానికి బోల్టులతో బిగించిన కొక్కెం ముందొకటి, వెనకొకటి, బలమైన నైలాను తాడు ఒకటి. మన వైపు ప్రతి ఊళ్లో ఒక ట్రాక్టరు ఉంటుంది, పిలిస్తే వస్తుంది. మనుషులు అసలే లేని ఎడారిలో వించి అవసరమేమో, నాకు తెలియదు. మన అడవిలో మనుషులున్నారు.

నెత్తి మీద పెట్టించిన తెల్ల లైట్ల సంగతి పెద్దగా చెప్పను. దుమ్ములో ఆ వెలుగంతా తిరిగి మన కళ్లలోనే పడుతుంది. ఊళ్లలోకి పోతే పిల్లలు జాతర బండి వచ్చిందని వెంట పరుగెత్తేవాళ్లు. అంతకు మించి అవి చేసిన పని లేదు.

వాగు టికెట్

ఇప్పుడు అసలు సంగతి.

లోపలి ఊళ్లకు బస్సులు తక్కువ. పికప్ ఖాళీగా వస్తుందంటే అంగడికో దవాఖానకో పోయేవాళ్లు చెయ్యి ఎత్తుతారు. వెనక మనుషుల్ని ఎక్కించడం తప్పే. నేనూ కాదనను. కానీ జ్వరం పిల్లను చంకనేసుకుని తల్లి ఎండలో నిలబడితే రూలు చెప్పి ముందుకు పోయే డ్రైవరును నేను చూడలేదు.

వాళ్ల దగ్గర మేము డబ్బు తీసుకోం. దానికి బదులు ఒక పద్ధతి ఉంది. దారిలో వాగు వస్తే బండి ఆగుతుంది. వెనక ఉన్నవాళ్లలో ఒకరిద్దరు కట్టె పట్టుకుని దిగి, ముందు నడిచి దాటుతారు. ఎక్కడ గుంత పడిందో, ఎక్కడ ఇసుక మెత్తబడిందో వాళ్ల కాళ్లే చెప్తాయి. వాళ్లు నడిచిన గీత మీదే బండి పోతుంది. మోకాలు దాటి నీళ్లొస్తే వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతారు. అంతే, ఒడ్డున కూర్చుని నీళ్లు తగ్గేదాకా ముచ్చట్లే. దీన్ని అందరూ వాగు టికెట్ అంటారు. "ఇయ్యాల టికెట్ ఎవరిది?" అని నవ్వుకుంటూ దిగేవాళ్లు. మనిషి నడవలేని చోట బండి నడవదు, మా దగ్గర అదొక్కటే చట్టం.

ఒకసారి వెనక ఎక్కినవాళ్లు తెలియక సోలార్ పలకల మీద కూర్చున్నారు. అద్దం పగిలింది. చాచా బాధ న్యాయమైనదే. ఆయన వెనక భాగానికి తాళం పడే ఫైబరు మూత చేయించాడు. ఇక ఎవరూ ఎక్కే వీలు లేదు.

అదే ఊపులో వెడల్పు టైర్లు వేయించాడు, ఇసుకలో కూరుకోదని. చివరికి స్నార్కెల్. ఇంజనుకు గాలి అందే దారిని పైకి, కప్పు దాకా తీసుకుపోయే గొట్టం. వాగులో ఇంజను నీళ్లు మింగకుండా, ఆగకుండా ఉంటుంది. దాన్ని చూసి ఊళ్లో వాళ్లు తొండం అన్నారు, ఆ పేరే నిలిచింది.

మూడింటికీ మూడు మంచి కారణాలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే నేనూ తల ఊపాను. మూడూ ఒకే బండికి ఎక్కితే ఏమవుతుందో మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ ఆదివారం

పోయిన వానాకాలం. ఆదివారం, బడికి సుట్టీ. అత్తమ్మ కంటి పరీక్షకని మంచిర్యాల పోయింది, మా ఆయనకు ట్రైనింగు. జిమల్‌గట్ట లోపలి ఊళ్లో బిగించిన పంపు ఒకటి ఆగిపోయింది. నాట్ల టైము. పోక తప్పదు. పిల్లలిద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాను. మూడో తరగతి ఆర్య, అప్పటికి ఇంకా బాలవాడిలోనే ఉన్న చింటు.

పొద్దున వాగు దాటినప్పుడు బండి వెనక కొత్త పంపు, ఇనుప పైపులు, సిమెంటు బస్తాలు ఉన్నాయి. నీళ్లలో బండి ఏనుగులా నడిచింది. సమ్మన్న తొండం వైపు చూసి మీసం దువ్వాడు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో వెనక ఏమీ లేదు. వాగు ఒడ్డున లచ్చుబాయి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. లచ్చుబాయి పాత ప్రయాణికురాలు, మా బండికి ఎన్నో టికెట్లు కట్టిన మనిషి.

"జిమల్‌గట్ట దాక ఎక్కించుకో సమ్మన్నా" అంది.

"ఎక్కడ ఎక్కించుకోను వదినా, మూత పడ్డది. దాని కింద మనిషి కూసునే జాగ లేదు."

"ఓహో, గట్లనా! మరి ముందల ఎవలు నడుస్తరు?"

"మాకు తొండం ఉన్నది గదా ఇప్పుడు!"

"తొండం ఉంటె ఏనుగు అయితదా?" అంది లచ్చుబాయి. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. నీళ్లు పొద్దున ఉన్నంతే ఉన్నట్టు అనిపించాయి. పైన ఎక్కడో వాన పడి జానెడు పెరిగాయని తర్వాత తెలిసింది.

సగం దాకా బాగానే వచ్చాం. అప్పుడు చింటు పడవ అన్నాడు.

ఖాళీ వెనక భాగం, గట్టి మూత, వెడల్పు టైర్లు. నీళ్ల మీద తేలడానికి అంతకంటే ఏం కావాలి? ముందు ఇంజను బరువుకు ముక్కు నేల మీదే ఉంది. తోక లేచి, నీళ్లు పారే వైపు మెల్లగా తిరుగుతోంది. తొండం మాత్రం తన పని తాను చక్కగా చేస్తోంది. అదే లేకపోతే ఇంజను ఆగుతుందని భయపడి మేము వాగు మొదట్లోనే నిలబడేవాళ్లం.

"మేడం, మీ తలుపు తియ్యుండ్రి" అన్నాడు సమ్మన్న, గొంతు పెంచకుండా.

"నీళ్లొస్తయి గదా?"

"రావాలె. బండి బరువు గావాలె."

వెనక్కి తిరిగాను. ఆర్య ముఖం తెల్లబోయింది. తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నేను నవ్వాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నవ్వు! "అవున్రా, పడవే. పడవలో బెల్టులుండయి గదా, ఇప్పుకోండి. అద్దాలు దించుండ్రి. కాళ్లు సీటు మీద పెట్టుకోండి" అన్నాను. చింటు "హైసా, హైసా" అని మొదలుపెట్టాడు. నేనూ వాడితో పాటు హైసా అంటూ, నీళ్లు పారే వైపున్న నా తలుపు తోశాను.

ఎర్ర నీళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. చల్లగా, బరువుగా, కింది నుంచి వెనకదాకా పాకాయి. చింటు కేరింతలు కొట్టాడు. మేము వదిలొచ్చిన ఒడ్డు నుంచి లచ్చుబాయి ఏదో అరుస్తోంది, వినిపించడం లేదు. నేను వింటున్నది ఒక్క చప్పుడు కోసం. రాళ్ల కోసం.

గర్ర్ మంది. ఒకసారి, మళ్లీ ఒకసారి. వెనక చక్రాలు కూర్చున్నాయి.

సమ్మన్న తొందరపడలేదు. ఎదురు తిప్పకుండా, నీళ్లు తోసిన వైపే ఏటవాలుగా, తక్కువ గేరులో తీసుకుపోయాడు. దారికి చాలా దిగువన ఒక ఇసుక దిబ్బ మీదికి ముక్కు ఎక్కించి ఆపాడు. పిల్లల్ని ఒక్కొక్కరిని ఎత్తి గడ్డ మీద పెట్టాను. సమ్మన్న బీడీ వెలిగించబోయాడు. అగ్గిపెట్టె తడిసిపోయింది. దాన్ని పక్కన పడేసి జిమల్‌గట్టకు ఫోను చేశాడు.

జిమల్‌గట్ట నుంచి ట్రాక్టరు వచ్చి లాగింది. మళ్లీ ఆ పాత కొక్కేనికే తాడు కట్టాం.

తెల్లారి చాచా మా ఇంటికి వచ్చాడు. గడపలోనే నిలబడి, "బేటీ, మూత తీసేసిన" అన్నాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

కొత్త బండికి

కల్పనా, చాచా నిన్ను అడిగితే ఇట్లా చెప్పు.

టైర్లు కంపెనీ ఇచ్చిన వెడల్పువే ఉండనీ, గాడి మాత్రం లోతుగా ఉన్నవి తీసుకోమను. ఇసుకలో దిగబడితే గాలి కొంచెం తగ్గించండి, బయటికొచ్చాక మళ్లీ నింపండి. దానికి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు, గాలి చూసే మీటరు చాలు. మేము వెడల్పు టైర్లతో చేయాలనుకున్న పని ఆ రెండూ చేస్తాయి. ఇంజను కింద, ఆయిలు చాంబరు కింద రాళ్లు తగలకుండా మందపు రేకు వేయించండి. మన దారుల్లో దానంత పనికొచ్చే ఇనుము ఇంకోటి లేదు. కొక్కేలు, తాడు తప్పనిసరి. వెనక సీటు బెల్టులు పనిచేస్తున్నాయో లేదో నువ్వే లాగి చూడు. అవి ఎవరికీ గుర్తుండవు.

చక్రాల మధ్య ఇరుసు పెట్టెకు గాలి పోయే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని పొడిగించి పైకి కట్టించండి, లేకపోతే నీళ్లు లోపలికి పోయి ఆయిలు పాలలా అవుతుంది. చూడటానికి ఏమీ ఉండదు, ఫొటో దిగడానికి పనికిరాదు. కాబట్టి చాచాకు నచ్చదు. నువ్వు పట్టుబట్టు.

బండి ఎత్తు పెంచడం వద్దు. పలకలు, పైపులు పైన పెట్టుకుని పక్క వాలులో పోయేది మనమే. వించి వద్దు.

తొండం? ఉంటే ఉండనీ. దాని తప్పేం లేదు. కానీ అది ఉందని వాగు ముందు దిగకుండా ఉంటావా, అదే చూసుకో. ఏ సామాను బిగించినా నాకిప్పుడు ముందు వచ్చే ఆలోచన అదే. ఇది పెట్టాక మేము ఏ పని మానేస్తాం? పలకలకు చెక్క పెట్టె చేయించాం ఇప్పుడు. దాని మీద కూర్చున్నా ఏమీ కాదు. లచ్చుబాయి మళ్లీ టికెట్ కడుతోంది.

పిల్లలకు చెప్పింది

ఆ మర్నాడు, చాచా వచ్చి వెళ్లాక, పిల్లలకు జడలు, టిఫిన్లు, బూట్లు. మంచిర్యాల నుంచి అప్పుడే దిగిన అత్తమ్మ నా చెవిలో, "పోరగాండ్లకు ఏం చెప్పకు. ఆటనే అనుకోనియ్. భయపెడితె కలవరిస్తరు" అంది. నాకూ అదే మేలనిపించింది. చింటు నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వును చెడగొట్టాలని ఎవరికి ఉంటుంది?

వాడు బూటు తొడిగించుకుంటూ, "అమ్మా, ఇయ్యాల సాయంత్రం మల్ల పడవాట ఆడుదామా? నేను, అక్క మన ఊరి వాగుల ఆడుతం" అన్నాడు.

ఆర్య వాడివైపు చూడలేదు. నావైపు చూస్తోంది. నేను ఏం చెప్తానా అని.

బూటు తాడు వదిలేసి కింద కూర్చున్నాను.

"అది ఆట గాదు బిడ్డా. బండి కొట్టుకపోతుండె. నాకు చాన భయమైంది."

"మరి నవ్వినవ్ గదా?" అన్నాడు చింటు.

"మీరు ఏడుస్తరని నవ్విన."

"నాకెరుకే" అంది ఆర్య చిన్నగా. "పడవలోకి ఎవరన్న నీళ్లు రానిస్తరా?"

చింటు మాకిద్దరికీ మధ్య చూసి, నవ్వు ఆపేశాడు. వాడి కింది పెదవి వంకర తిరిగింది. అత్తమ్మ వంటింట్లోంచి నావైపు గుర్రుగా చూసింది. నేను ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను.

"వాగుల మీరు ఒక్కరే దిగొద్దు. బండ్ల ఉన్నప్పుడు వాగు వస్తే, ముందల ఎవరన్న నడిచిండ్రా అని అడగండి. డ్రైవరునైనా అడగండి, నన్నైనా అడగండి. నడవలేదంటే మేం దిగుతం అనుండ్రి. ఇగ నాకు భయమైతే నవ్వను. భయమైతుందని మీకు చెప్త. మీకైతే మీరు నాకు చెప్పాలె."

చింటు ముక్కు ఎగబీల్చి, నా మోచేయి పట్టుకుని అడిగాడు.

"ఇప్పుడు భయమైతుందా?"

"అయితుంది" అన్నాను.

"నాకు గూడ" అన్నాడు. తర్వాత రెండో బూటు ముందుకు చాచాడు.